24 రంగుల జెల్ పెన్నుల సెట్టు: మూడు నెలల తరవాత చేతిలో మిగిలినవి అయిదు

సెట్టులోని 24 పెన్నుల్లో అన్నిటికంటే ముందు ఖాళీ అయింది ముదురు నీలం. లేత పసుపు రీఫిల్‌లో మాత్రం కొన్న రోజున ఇంకు ఎక్కడిదాకా ఉందో మూడు నెలల తరవాత కూడా అక్కడిదాకానే ఉంది. ఈ రెండు రీఫిల్‌లూ పక్కపక్కన పెట్టి ఫోటో తీస్తే నా రివ్యూ అయిపోయినట్టే. కానీ ఈ మధ్యలో కొన్ని నోట్సులు పాడయ్యాయి, ఒక గోడ పాడైంది, ఎడమచేత్తో రాసే మా చెల్లి నన్ను నాలుగు మాటలంది, కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

సెట్టు పేరు చెప్పను. డబ్బా మీద బొమ్మ మారుతుంది తప్ప లోపల అవే పెన్నుల్లా కనిపించే సెట్లు బోలెడున్నాయి, వాటిలో ఇదొకటి. 24లో పన్నెండు మామూలు రంగులు, ఆరు పాస్టెల్ (అంటే లేత రంగులు), నాలుగు మెరుపులవి, రెండు మెటాలిక్. వీటికి తోడు విడిగా దొరికే పేరున్న పెన్నులు కూడా కొన్ని పక్కన పెట్టుకుని వాడాను: పెంటెల్ ఎనర్‌జెల్, జీబ్రా సరాసా, యూనీబాల్ సిగ్నో, పైలట్ జీ2, సాకురా జెల్లీ రోల్. పరీక్ష అంటే ప్రయోగశాల అనుకోకండి, రోజూ రాసుకునే మీటింగ్ నోట్సు, చదువుకునేటప్పుడు రాసుకునేవి, ప్లానర్‌లో రేపటి పనులు, అంతే.

జెల్ పెన్ను మరీ పాతకాలపు వస్తువేం కాదు, 1984లో జపాన్‌లో సాకురా కంపెనీ తెచ్చింది. బాల్‌పెన్నులో ఉండేది నూనెతో చేసిన ఇంకు, చిక్కగా జిగటగా ఉంటుంది, నొక్కి రాయాలి. జెల్‌లో ఉండేది నీళ్లతో చేసిన ఇంకు, చాలావాటిలో రంగుపొడి తేలుతూ ఉంటుంది, ఆ పొడి అడుగుకి దిగిపోకుండా పట్టి ఉంచడానికి జాంథన్ గమ్ లాంటి చిక్కబరిచే పదార్థం కలుపుతారు. టూత్‌పేస్టులో కూడా వేసేదే. దీని గొప్పదనమంతా ఒక్క గుణంలో ఉంది: కదలకుండా ఉన్నప్పుడు గట్టిగా ఉంటుంది, మొనలో గోళీ తిరగ్గానే ఆ రాపిడికి పలచబడి జారుతుంది, కాగితం మీద పడ్డాక మళ్లీ చిక్కబడుతుంది. అందుకే నొక్కే పని లేదు. రెండు గంటల మీటింగ్ తరవాత బాల్‌పెన్ను పట్టుకున్న రోజుల్లో బొటనవేలు దగ్గర లాగే నొప్పి, జెల్ పట్టుకున్న రోజుల్లో లేదు. రంగుల మోజుతో కొన్నాను కానీ నన్ను జెల్ దగ్గర ఉంచింది ఇదే.

ఇబ్బంది కూడా అక్కడి నుంచే వస్తుంది. ఇంకులో ఉన్న నీరు ఆరాలి. ఆరేలోపు చెయ్యి తగిలిందా, పేజీ అలికేసినట్టే.

మొదటి వారం చేసిన పని ఇదే: ప్రతి పెన్నుతోనూ ఒక గీత గీయడం, అయిదు సెకన్లాగి వేలితో రుద్దడం, మళ్లీ గీత, పది సెకన్లు, మళ్లీ గీత, ఇరవై. సెట్టులోని మామూలు రంగులు చాలావరకు పది సెకన్లకి ఆరిపోయాయి. పాస్టెల్ ఇంకా ఆలస్యం. మెటాలిక్ బంగారు రంగైతే ఇరవై సెకన్ల తరవాత కూడా వేలికి అంటుకుంది, ఆ వేలు మళ్లీ ఫోన్‌కి అంటుకుంది. ఎనర్‌జెల్‌కి త్వరగా ఆరుతుందని ఎప్పటినుంచో పేరుంది, నా దగ్గర కూడా ఆ పేరు నిలబెట్టుకుంది, గీసి ఊపిరి పీల్చి వదిలేలోపు ఆరిపోయింది. సరాసాలోనూ త్వరగా ఆరడం కోసమే సరాసా డ్రై అని విడిగా ఒకటి చేస్తారు.

మా చెల్లిది ఎడమచేతి వాటం. ఎడమ నుంచి కుడికి రాసే లిపి ఏదైనా, ఎడమచేతివాళ్ల చెయ్యి ఇప్పుడే రాసిన అక్షరాల మీద నుంచే నడుస్తుంది. సెట్టు దాని చేతికిచ్చి ఒక పేజీ రాయమన్నాను. పేజీ పూర్తయ్యేసరికి దాని అరచేతి అంచు ఇంద్రధనుస్సులా ఉంది, కాగితం మీద అక్షరాల కంటే వాటి నీడలే ఎక్కువున్నాయి. "ఇది పెన్నా, రబ్బరు స్టాంపా" అని పెన్ను విసిరేసినంత పని చేసింది. తరవాత త్వరగా ఆరే రకం ఇస్తే ఏమీ అనకుండా రాసుకుంది, ఆ పెన్ను ఇప్పటికీ నాకు తిరిగి రాలేదు. మీదీ ఎడమచెయ్యైతే రంగులు ఎన్ని ఉన్నాయో చూడకండి, ముందు ఎంత త్వరగా ఆరుతుందో చూడండి.

హైలైటర్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే నోట్సు చదివేవాళ్లందరం అదే తప్పు చేస్తాం. జెల్‌తో రాసి, ఆరిందని వేలితో చూసుకుని, దాని మీద హైలైటర్ లాగితే నల్లటి చార. పైకి ఆరినట్టు కనిపించినా హైలైటర్‌లోని తడి దాన్ని మళ్లీ కదిలిస్తుంది, పైగా హైలైటర్ మొన మురికవుతుంది, ఆ తరవాత అది గీసే పసుపంతా బురదే. నేను చివరికి కనిపెట్టిన ఉపాయం చాలా సులువు, ముందు హైలైటర్‌తో గీత గీసి, ఆరనిచ్చి, దాని మీద జెల్‌తో రాయడం. హెడ్డింగులకి ఇది బాగుంటుంది. అప్పటికే రాసేసినదాన్ని రంగులో ముంచాలంటే మాత్రం రాసిన మర్నాడు చేయాలి, లేదా మామూలు రంగు పెన్సిల్ వాడాలి. రంగు పెన్సిల్ అంటే నవ్వకండి, జెల్ మీద దానంత శుభ్రంగా పడేది నాకు ఇంకొకటి దొరకలేదు.

ఇక మొన సైజు. పెన్ను మీద 0.5, 0.7 అని రాసి ఉండేది చాలా పెన్నుల్లో గోళీ వ్యాసం, గీత మందం కాదు. గీత సాధారణంగా దానికంటే సన్నగానే పడుతుంది. జెల్లీ రోల్ మీద 06 అని ఉంటే గోళీ 0.6 మిల్లీమీటర్లు, గీత సుమారు 0.3. ఇది తెలియక నేను మొదట్లో 0.38 కొనేసి, ఇదేంటి సూదితో గీసినట్టుంది అనుకున్నాను. సెట్టులోవన్నీ 0.7 అని రాసి ఉన్నాయి గానీ మెరుపులవి కచ్చితంగా అంతకంటే లావు, మెరుపు రేణువులు బయటికి రావాలంటే దారి పెద్దది కావాలి కదా.

తెలుగులో రాసుకునేవాళ్లకి ఇక్కడ ఒక మాట. ఇంగ్లిషు అక్షరాలకి సరిపోయే లావు మన అక్షరాలకి సరిపోదు. మన లిపిలో సున్నాలూ మెలికలూ ఎక్కువ, పైగా కింద ఒత్తులు. చిన్న గళ్ల ప్లానర్‌లో 0.7తో "వ్యాఖ్య" అని రాసి చూడండి, "ఖ" కడుపు పూడిపోతుంది, కింద ఒత్తు ఒక బొట్టులా మిగులుతుంది. "క్ష" సంగతి చెప్పనే అక్కర్లేదు. గీతల నోట్‌బుక్‌లో 0.5 హాయి, ప్లానర్ గళ్లలో 0.38. కానీ 0.38 గరుకు కాగితం మీద గీరుకుంటుంది, గుండ్రంగా తిప్పేటప్పుడు పైకి వెళ్లే వైపు కొంచెం పట్టేసినట్టు కూడా ఉంటుంది, మన అక్షరాలన్నీ గుండ్రమే కాబట్టి ఆ పట్టు ప్రతి అక్షరానికీ తెలుస్తుంది. కాగితం నునుపుగా ఉంటేనే సన్న మొన జోలికి వెళ్లండి. సిగ్నోలో 0.38తోపాటు 0.28 కూడా ఉంది, చేతిరాత మరీ చిన్నదైనవాళ్లకి. నా చేతిరాత అంత సుకుమారం కాదు.

కాగితం గురించి క్లుప్తంగా (జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుందో): 70 జీఎస్ఎం నోట్‌బుక్‌లో వెనక పేజీకి నీడ పడింది గానీ ఇంకు దిగలేదు. 100 జీఎస్ఎం ప్లానర్‌లో నీడ కూడా లేదు. నున్నటి కాగితం మీద గీత అందంగా పడుతుంది, ఆరడానికి మాత్రం ఎక్కువసేపు పడుతుంది, పీల్చుకునే కాగితం అయితే దీనికి రివర్స్. రెండూ కావాలంటే కుదరదు.

ఇప్పుడు అసలు విషయం, రంగులు. డబ్బా తెరిచిన రోజు నోట్‌బుక్ చివరి పేజీలో ప్రతి పెన్నుతోనూ దాని పేరు రాసుకున్నాను. చేయాల్సిన పనే అది, ఎందుకంటే మూత రంగు ఒకటి, కాగితం మీద పడే రంగు ఇంకొకటి. మూత మీద నారింజ అన్నది రాస్తే ఎరుపుకి తమ్ముడిలా ఉంది. మూడు నీలాలు మూడు మూతలతో ఉన్నాయి, కాగితం మీద రెండిటికి తేడా నేను చెప్పలేను. పాస్టెల్ ఆరూ తెల్ల కాగితం మీద దాదాపు కనిపించలేదు. నల్ల కాగితం మీద ఇవే పాలపిట్టల్లా వెలిగాయి, నిజానికి ఇవి అందుకోసం చేసినవే, కానీ నల్ల కాగితం మీద మీటింగ్ నోట్సు రాసుకునేదెవరు? లేత పసుపుతో ఒక వాక్యం రాసి మర్నాడు ట్యూబ్‌లైట్ కింద చదవబోతే పేజీని కంటి దగ్గర ఏటవాలుగా పట్టుకుని వెతకాల్సి వచ్చింది. ఇంకో తలనొప్పి, నోట్సు పేజీని ఫోన్‌తో స్కాన్ చేసి పంపితే లేత రంగులన్నీ మాయం. ముఖ్యమైన తేదీని ముద్దుగా ఉందని లేత గులాబీతో రాశాను, స్కాన్‌లో ఆ చోట తెల్లగా ఉంది, అవతలివాళ్లు తేదీ ఎప్పుడని మళ్లీ అడిగారు.

మరీ కనిపించనివి, ఒకలాగే ఉన్నవి తీసేస్తే 24లో పన్నెండు మిగిలాయి. వాటితో ప్లానర్‌లో ఒక పద్ధతి పెట్టుకుందామనుకున్నాను, అక్కడ నా తెలివి బయటపడింది. ఆఫీసు నీలం, ఇల్లు ఆకుపచ్చ, డబ్బు ఊదా, ఆరోగ్యం ఎరుపు, చదువు గోధుమ, స్నేహితులు నారింజ, ఇంకేదైనా అయితే టీల్ (నీలం, ఆకుపచ్చ కలిసినట్టుండే రంగు). మొదటి పేజీలో ఏ రంగుకి ఏ అర్థమో పట్టిక కూడా, చుట్టూ తీగలూ పువ్వులతో. నాలుగో రోజుకే ఇబ్బంది మొదలైంది. ఫోన్ మాట్లాడుతూ డాక్టర్ దగ్గరికి వెళ్లే టైము రాసుకోవాలంటే ఎర్ర పెన్ను చేతికి దొరకాలి, దొరికేలోపు టైము మర్చిపోతాను. స్నేహితురాలికి ఇవ్వాల్సిన డబ్బు ఊదానా, నారింజనా? ఈ ప్రశ్న మీద నేను నిజంగా ఒక నిమిషం ఆలోచించాను. పని చేయడం కంటే పనికి రంగు వేయడం ఎక్కువైపోయింది. పదో రోజున అన్నీ చేతికి దొరికిన నీలంతోనే రాసేశాను.

తరవాత తిరగేసి ఆలోచించాను. రంగు పని ఏ రకందో చెప్పక్కర్లేదు, రాసింది చదివితే అది తెలుస్తూనే ఉంది. పేజీ తెరవగానే నేనేం చేయాలో చెబితే చాలు. కాబట్టి అంతా ముదురు నీలం. గడువు ఉన్నవి మాత్రం ఎరుపు, అది కూడా తేదీ ఒక్కటే, వాక్యం మొత్తం కాదు, పేజీ అంతా ఎర్రగా ఉంటే పరీక్ష పేపరు దిద్దినట్టుండి టెన్షన్ వస్తుంది. నాకు అర్థం కానివి, ఎవరినైనా అడగాల్సినవి ఊదా. అయిపోయిన పని మీద ఆకుపచ్చ టిక్కు. ఇది రెండు నెలలుగా నడుస్తోంది. వీటిలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఊదా, ఎందుకంటే మీటింగ్ చివర్లో "ఎవరికైనా సందేహాలున్నాయా" అన్నప్పుడు పేజీ మీద ఊదా ఎక్కడుందో చూస్తే చాలు, అంతకుముందు ఆ సందేహాలు నీలంలో కలిసిపోయి ఇంటికొచ్చాక గుర్తొచ్చేవి.

అయిదోది టీల్. దానికేం పని లేదు, రంగు బాగుంటుంది, వారం పేర్లు దాంతో రాస్తాను.

నోట్సు ఇంకొకరితో పంచుకునేవాళ్లకి ఒక విషయం: ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా కనిపించనివాళ్లు ఉంటారు, మగవాళ్లలో అది అరుదేం కాదు. ఒక సహోద్యోగి నా పేజీ చూసి "ఏవి అయిపోయాయి, ఏవి గడువువి" అన్నప్పుడు గానీ నాకు ఈ సంగతి తట్టలేదు. అప్పటి నుంచి గడువు తేదీ చుట్టూ ఒక గడి కూడా గీస్తున్నాను.

చెరిపితే పోయే జెల్ పెన్నులు కూడా ప్రయత్నించాను, ప్లానర్‌కి అవే సరైనవి కదా, ఎప్పటి పని ఎప్పటికి వాయిదా పడుతుందో ఎవరికి తెలుసు. వెనక ఉన్న రబ్బరుతో రుద్దితే చక్కగా పోతుంది. అది ఇంకుని గీకేయదు, రుద్దినప్పుడు పుట్టే వేడికి ఇంకు రంగు పోతుంది, సుమారు 60 డిగ్రీలు దాటితే కనిపించకుండా పోయేలా ఆ ఇంకు చేస్తారు. ఈ సంగతి తెలిసి కూడా ప్లానర్‌ని కారు అద్దం దగ్గర ఎండలో వదిలి వెళ్లిన ఘనత నాది. తిరిగొచ్చి తెరిస్తే పైనున్న రెండు వారాలు ఖాళీ. గుండె ఆగినంత పనైంది. చలికి రంగు తిరిగొస్తుందని చదివిన గుర్తుతో ప్లానర్‌ని కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టాను. పొద్దున్నే తీస్తే అక్షరాలు వచ్చాయి, కొంచెం వెలిసినట్టున్నా చదవగలిగేలా వచ్చాయి. అసలు తమాషా ఏంటంటే అవి ఒక్కటే రాలేదు, అంతకుముందు నేను చెరిపేసిన పనులు కూడా వాటి మీదే లేచొచ్చాయి. రద్దయిన మీటింగులు, వాయిదాలు, ఒకదాని మీద ఒకటి. తప్పు పెన్నుది కాదు, పూర్తిగా నాదే. ప్లానర్‌లో ఇప్పటికీ వాడతాను, కానీ సంతకాలకీ ఫారాలకీ పరీక్షలకీ పొరపాటున కూడా పట్టుకోకండి.

నీళ్ల పరీక్ష కూడా చేశాను, ఒక్కో గీత మీద ఒక్కో చుక్క. రంగుపొడితో చేసిన ఇంకు ఆరాక నీటికి కదలదు, కరిగే రంగుతో చేసింది పాకిపోతుంది. సిగ్నో గీత చుక్క కింద చెక్కుచెదరలేదు, సిగ్నో 207 రకాన్ని చెక్కుల మీద రాత కడిగి మార్చే మోసాలకి అడ్డుగా ఉంటుందని చెప్పే అమ్ముతారు. సెట్టులోని గులాబీ, ఊదాలు మాత్రం చుక్క కింద పువ్వులా విచ్చుకున్నాయి. అదే గులాబీ గీతని సగం అట్టతో కప్పి కిటికీ దగ్గర నెల రోజులు ఉంచితే, ఎండ తగిలిన సగం పాతబడిన రిబ్బన్‌లా అయింది. ఏడాది తరవాత తెరిచి చూసుకునే డైరీలాంటిది రాస్తుంటే ఇది పట్టించుకోండి, వారంలో చించేసే జాబితాకి అవసరం లేదు.

ఇంకు అయిపోవడం గురించి ఫిర్యాదు చేసేవాళ్లకి, అవును, జెల్ తొందరగా అయిపోతుంది, బాల్‌పెన్ను కంటే గీతకి ఎక్కువ ఇంకు దింపుతుంది. రోజుకి రెండు మూడు పేజీలు రాస్తే నా ముదురు నీలం ఒకటిన్నర నెల కూడా రాలేదు. సెట్టుకి విడి రీఫిల్‌లు లేవు, అదే దాని అతి పెద్ద లోపం: ఒక్క నీలం కోసం మళ్లీ 24 కొనాలి, అంటే మళ్లీ ఒక లేత పసుపు. జీ2 లాంటి వాటికి రీఫిల్ విడిగా దొరుకుతుంది, అందుకే నీలం ఇప్పుడు దానికి మార్చాను.

ఇంకు నిండుగా ఉండి కూడా రాయకపోవడం ఇంకో రకం బాధ. సెట్టులో మూడు పెన్నులు ఇలా పోయాయి. రీఫిల్ వెనక భాగంలో పారదర్శకంగా జిగటగా ఒక ముద్ద కనిపిస్తుంది చూడండి, చాలామంది అది పాడైన ఇంకు అనుకుంటారు, కాదు, ఇంకు వెనక్కి కారకుండా, ఆరకుండా కాపాడే మూత అది, ఇంకుతోపాటే ముందుకి జరుగుతుంది. దాన్ని పిన్నుతో కదిలించకండి. మొన కిందకి పడేలా పెన్ను జారిపోతే గోళీ చుట్టూ ఉన్న లోహం నొక్కుకుపోతుంది, దానికి ఇక మందు లేదు. మొన దగ్గర ఎండిపోయినదైతే తడి టిష్యూతో తుడిచి, రబ్బరు మీద నాలుగు సున్నాలు చుడితే చాలావరకు మేలుకుంటుంది. మధ్యలో గాలి చేరితే పెన్ను చివర పట్టుకుని, మొన బయటివైపు ఉండేలా గట్టిగా విసురుతారు, ఇంకు మొన వైపు వస్తుంది. వచ్చింది కూడా. కాకపోతే మూత పెట్టడం మర్చిపోయాను, తెల్ల గోడ మీద టీల్ చుక్కలు వరసగా ఏడు పడ్డాయి. నీటికి పోయే రకమే అయినా గోడ మీద నుంచి మాత్రం ఇంకా పోలేదు.

పాస్టెల్‌లూ మెరుపులవీ మా చెల్లికి ఇచ్చేశాను, నల్ల కాగితం కూడా కొనిచ్చాను. త్వరగా ఆరే ఆ పెన్ను తిరిగి ఇమ్మంటే మాత్రం ఇవ్వనంటోంది.